అచ్చొచ్చిన ఇరుసు

మొన్న ప్రొద్దుటూరులో ఒక హోటల్లో ఉగ్గాని తింటుంటే బొరుగుల్లో ఇసుక రేణువు పంటికి తగిలింది. పక్కన కూర్చున్నాయనకూ తగిలినట్టుంది, హోటలువాణ్ణి తిట్టుకున్నాడు. నేను మా మేనమామను తిట్టుకున్నాను. బొరుగుల్లో ఇసుక తగిలితే నాకు ఆయనే గుర్తొస్తాడు.

ఆ ఊళ్ళోనే ఆయనకు బొరుగుల బట్టీ ఉండేది. మంట మీద అడ్డంగా తిరిగే పెద్ద డ్రమ్ము, అందులో కాగే ఇసుక, ఆ ఇసుకలో పేలే బియ్యం. డ్రమ్ము నోటి దగ్గర నిలబడి బియ్యం పోసేది మా అత్త. గల్లాపెట్టె దగ్గర కూర్చుని పెద్దమనిషిలా కనబడడం మామ పని, ఆ పనిలో ఆయనకు సాటి లేరు. పాత డ్రమ్ము తుప్పు పట్టి చిల్లులు పడితే స్టెయిన్‌లెస్ స్టీలుది కొన్నాడు. మెరుస్తుందని కొన్నాడు, అంతే. దాన్ని తిప్పే ఇరుసు మాత్రం వాళ్ళ నాయన కాలం నాటి మామూలు ఇనుముది. అది అచ్చొచ్చిందట, మారిస్తే లక్ష్మి వెళ్ళిపోతుందట. రెండింటినీ అతికించమని పులివెందులలో ఉన్న నా వెల్డింగ్ షాపుకు మోసుకొచ్చాడు.

"మామా, ఈ రెండూ ఒక జాతివి కావు. వేడికి స్టెయిన్‌లెస్ ఎక్కువ సాగుతాది, ఇనుము తక్కువ సాగుతాది. రోజూ కాగి సల్లారే తావున అతుకు పక్కనే పగుల్తాది. ఇరుసు గూడా కొత్తది ఎయ్యి, లేదంటే నేను చెయ్యను" అన్నాను.

"మా నాయిన ఇరుసును పారేయమంటాండావా? నువ్వేంది నాకు సెప్పేది?" అని ఎత్తుకుపోయి, జమ్మలమడుగులో ఎవరితోనో అతికించుకున్నాడు. అదీ మామూలు ఇనుముకు వాడే వెల్డింగ్ రాడ్డుతో. ఇలాంటి జోడీకి ఆ రాడ్డు వాడితే అతుకు పెళుసెక్కిపోతుంది. ఆ బుర్రకు ఇదంతా ఎక్కితేగా!

శుక్రవారం శుక్రవారం ఇరుసుకు పసుపు పూసి కుంకుమ పెట్టడం ఆ ఇంటి ఆచారం. ఆ ఒక్క పని మామే చేసేవాడు, చెమట పట్టదు కదా. ఒకసారి నేను వెళ్తే అత్త పక్కకు పిలిచి, "అబ్బీ, అతుకు కాడ వెంట్రుక మాదిరి గీత కనపడతాంది, సూడు. నాకు శానా బయమైతాంది" అంది. చూస్తే అతుకు అంచునే పగులు. వెంటనే బట్టీ ఆపమన్నాను. మామ తాపీగా వచ్చి, ఆ గీత మీద ఇంత పసుపు మెత్తి, "ఇప్పుడు యాడుంది పగులు?" అన్నాడు. అంతటి మొద్దును నేను ఇనుములో కూడా చూడలేదు.

మరో శుక్రవారం రాకముందే అతుకు తెగింది. డ్రమ్ము నోటివైపు ఒరిగి, కాగిన ఇసుకంతా అత్త పాదాల మీద పడింది. ఆస్పత్రి వరండాలో మామ నాతో అన్నది ఒకటే మాట: "దిష్టి తగిలింది అల్లుడా."

ఉగ్గాని సగంలో వదిలేసి అటునుంచి అటే వాళ్ళింటికి వెళ్ళాను. బట్టీ ఎప్పుడో మూతపడింది. ఇరుసు మాత్రం దేవుడి గదిలో పూలదండ వేసుకుని ఉంది. అత్త గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ ఆ గదిలోంచే వచ్చింది. చేతివేళ్ళకు పసుపు.

"మీ మామకు మోకాళ్ళ నొప్పులు అబ్బీ" అంది. "శుక్రవారం దానికి పూసేది ఇప్పుడు నేనే."

కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. ఆ ఇంట్లో కాలం ఇన్నేళ్ళుగా చేసిందల్లా పగులు మీద పసుపు మెత్తడమే.