విశ్వాసమ్మ రాయించిన పరీక్ష

బేతంచెర్ల బండల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న విశ్వాసమ్మ జన్మలో ఒక్కసారే కాపీ కొట్టించింది. అదీ చర్చిలో!

వాళ్ల వీధి పిల్ల మహిమ కర్నూలులో సమాజశాస్త్రం మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఫ్యాక్టరీ ఆడవాళ్లు పని ఎలా నేర్చుకుంటారన్నది ఆమె పరిశోధన. అరవై మందికి ప్రశ్నల కాగితాలు పంచి, వారం తర్వాత వచ్చి తీసుకుంటానని వెళ్లింది. కాగితం మీద ప్రశ్నలుంటే విశ్వాసమ్మ లెక్కలో అది పరీక్షే. ఐదో తరగతిలో అలాంటిది తప్పబట్టే కదా తను బండల పాలైంది! పాపం, ఈ పిల్ల తప్పకూడదు. ఆదివారం ఆరాధన కాగానే అందర్నీ చాపల మీద కూర్చోబెట్టింది. పాస్టరు గారి కోడలు ప్రశ్నలు చదువుతుంటే అన్నింట్లోకీ మర్యాదైన జవాబు ఏదో తేల్చి, అరవై కాగితాల్లోనూ అదే రాయించింది. పని ఎలా నేర్చుకున్నారంటే, "పెద్దలు చెప్పగా శ్రద్ధతో నేర్చుకున్నాము." ప్రార్థన చేసి మరీ ఇచ్చారు.

నెల తిరక్కుండా మహిమ ఏడుపు మొహంతో వచ్చింది. అరవై కాగితాలూ ఒకేలా ఉండేసరికి తనే ఇంట్లో కూర్చుని నింపిందని కమిటీవాళ్లు అనుమానపడ్డారట. ఆరు నెలల్లో సరైన పని చూపించకపోతే సీటు పోతుందట.

మర్నాడు విశ్వాసమ్మ పని మానుకుని మహిమతో పాటు కర్నూలు బస్సెక్కింది. గైడు నాగజ్యోతి మేడం ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"ఈ పాప తప్పేం లేదు మేడం. రాయించింది నేను. ఫెయిలు చేస్తే నన్ను చేయండి."

మేడం మొదట నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది.

"మనిషి తెలివి రోజూ చేసే పనిలో, చేతుల్లో ఉంటుంది, అడిగితే నోటికి రాదు అని పుస్తకాల్లో చదువుకుంటాం. చదివి కూడా కాగితం పట్టుకుని అడగడానికే వస్తాం. తప్పు మాదేనమ్మా." మహిమ వైపు తిరిగింది. "పోయి ఈమె పక్కన కూర్చుని పని చెయ్యి. చర్చి సంగతీ దాచకుండా రాయి. మనం కాగితంతో పోతే మనుషులు ఏం చేస్తారన్నది కూడా చూడాల్సిందే."

బండ మిషన్ మీదికి పోకముందు దాన్ని వేలి కణుపుతో కొట్టి, లోపల చీలిక ఉందో లేదో చెప్పడం విశ్వాసమ్మ పని. మహిమ నాలుగు నెలలు పక్కనే కూర్చుని కొట్టింది. కణుపులు వాచాయి. మంచి బండల్ని పక్కన పడేయించి తిట్లు తింది.

"అత్తా, నువ్వు ఎప్పుడూ ఎడమ చెవే పెడతాండావు, ఎందుకు?" అని ఒకరోజు అడిగింది.

విశ్వాసమ్మ కొట్టబోయిన చెయ్యి ఆపేసింది. మిషన్ కుడివైపు ఉంది. ఆ హోరుకు కుడి చెవి ఎప్పుడు పోయిందో తనకే తెలియదు. ఇరవై రెండేళ్లలో తన పనిని అంతలా చూసిన మనిషి లేదు. బాధ కంటే ముందు, ఈ పిల్లను ఇక్కడికి పంపినందుకు ప్రభువుకు మనసులోనే స్తోత్రం చెప్పుకుంది.

మహిమ చివరి పరీక్ష, వైవా నాడు విశ్వాసమ్మ తెల్లచీర కట్టుకుని యూనివర్సిటీకి వెళ్లింది. హాలు బయట మహిమ తన థీసిస్ పేజీలు అటూ ఇటూ తిప్పుతుంటే, ఆమె చేతిలోని లావాటి పుస్తకాన్ని తీసుకుని అట్ట మీద కణుపుతో కొట్టి, ఎడమ చెవి ఆనించింది.

"చీలిక లేదు పాపా. లోపలికి పో."

లోపల పరీక్షకుల్లో ఒక పెద్దాయన ఆ అరవై కాగితాల అధ్యాయం తెరిచాడు. "ఇది మీ పొరపాటు కదా, ఎందుకు పెట్టారు?"

"అరవై మంది నాకోసం పరీక్ష రాసినారు సార్. అది దాచిపెడితే వాళ్ల గురించి నాకేమీ తెలియనట్టే."

వెనక వరసలో విశ్వాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంట తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన ఇంగ్లీషులో ఏమన్నాడో ఆమెకు అర్థం కాలేదు.

మహిమ పరుగున వచ్చి, కాయలు కాచిన కణుపుల చేతులతో ఆమె చేతులు పట్టుకుంది.

"పాసయినాం అత్తా," అంది.