బాబా తుపాకీకి ఇస్తిఖారా

ఆ అంగట్లో నేను దేన్నీ ముట్టుకోకూడదు. లోపలికి అడుగు పెట్టగానే అంగడి యజమాని నా వైపు చూసి, "నువ్వు చూడు, తాకొద్దు. బయటి దేశం వాళ్ల చేతికిస్తే నా లైసెన్సు పోతుంది" అన్నాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అద్దాల వెనక గోడ పొడుగునా తుపాకులు నిలబెట్టి ఉన్నాయి. బాబా నా భుజం పట్టుకుని ముందుకు వంగి, "ముతవ్వా, వీటిలో ఇంటికి ఏది మంచిది?" అని నన్ను అడిగాడు.

బాబా అంటే మా కఫీల్, నన్ను తన వీసా మీద పిలిపించుకున్న ముసలాయన. నేను ఆయన ఇంటి డ్రైవరుని. రాయలసీమలో మదరసాలో చదువుకుని, ఒక చిన్న మసీదులో కొన్నేళ్లు నమాజు చదివించి సౌదీలో ఈ హుఫూఫ్ టౌనుకు వచ్చినవాణ్ణి. అందుకని ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. ముతవ్వా అనేవాడు, దీన్, అంటే మతధర్మం తెలిసినవాడా అని. నేను కారు నడుపుతూ ఖురాన్ చదువుతుంటే పక్క సీట్లో కళ్లు మూసుకుని వినేవాడు. ఆ కళ్లకు అప్పటికే పొర కమ్మింది. ఆపరేషన్ మాట ఎత్తితే, "నా ఖర్జూరాలను నేను వేళ్లతో తడిమి గుర్తుపడతాను" అని కొట్టిపారేసేవాడు.

తుపాకీ ఆలోచన ఆయనకు ఊరకే పుట్టలేదు. అవి నితాకాత్ రోజులు. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీవాళ్లు ఉండాలని, తగ్గితే ఆ కంపెనీ ఎరుపులో పడుతుందని చట్టం వచ్చింది. ఎరుపులో పడినవాళ్లు తమ మనుషుల ఇకామాలు, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డులు, మళ్లీ చేయించలేరు. ఆ తర్వాత పనివాడి మీద లెవీ అనే పన్ను, వాడి పెళ్లాం పిల్లల మీద లెవీ. చూస్తుండగానే తోటలు ఖాళీ అయ్యాయి. బాబా తోటకు రెండు పక్కలా ఖర్జూరపు చెట్లు కింది మట్టలు కోసేవాళ్లు లేక గడ్డాలు పెంచుకున్నట్టు నిలబడ్డాయి. మనుషులు లేనిచోట మోటార్లు పోవడం మొదలైంది. కేబుళ్లు కోసి రాగి పట్టుకుపోయేవారు. ఒక శుక్రవారం అందరం జుమా నమాజులో ఉండగా పక్క తోట ఇంటి తలుపు పగలగొట్టి ఉన్నదంతా ఊడ్చుకుపోయారు.

బాబా కుటుంబం టౌనులో పెద్ద ఇంట్లో ఉండేది. ఆయన మాత్రం కాయ పండే కాలంలో తోట ఇంటి వరండాలోనే పడుకునేవాడు. పగిలిన ఆ తలుపు చూసి వచ్చిన రోజే తుపాకీ లైసెన్సుకు కాగితాలు పెట్టించాడు.

నా భయం దొంగల గురించి కాదు. ఆ తోటలో ఇంకా ఒక మనిషి మిగిలి ఉన్నాడు. జగిత్యాల దిక్కు నుంచి వచ్చినవాడు, నాకంటే పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను భాయ్ అనేవాడు. కాగితాల మీద అన్న, బాబా పెద్దకొడుకు నడిపే రిపేరు దుకాణంలో మనిషి. పని మాత్రం తోటలో. దుకాణం ఎరుపులో పడింది, అన్న ఇకామా గడువు తీరిపోయింది. అడిగినప్పుడల్లా పెద్దకొడుకు "బుక్రా" అనేవాడు, రేపు అని. ఆ రేపటి కోసం అన్న తోట గోడ దాటకుండా బతుకుతున్నాడు.

అక్కడ తోటలకు కాలువ నీళ్లు వంతుల మీద వస్తాయి. బాబా తోట వంతు ఫజర్ అజాకు, అంటే తెల్లవారుజాము నమాజు పిలుపుకు ముందు. ఆ చీకట్లో అన్న లేచి, చెట్ల మధ్య నడిచి వెళ్లి తూము ఎత్తాలి. టార్చి వేసుకునేవాడు కాదు. వేస్తే రోడ్డు మీద తిరిగే చెకింగ్ బండికి కనబడతాడు. కాబట్టి అటు వెలుగు లేకుండా చెట్ల మధ్య నడిచే మనిషి, ఇటు వరండాలో చూపు తగ్గిన ముసలాయన. ఇప్పుడు ఆయన చేతికి తుపాకీ.

అంగడికి వెళ్లే దారిలోనే ఆ మాట ఎత్తాను. "బాబా, తెల్లారకముందు మన మనిషి అక్కడ తిరుగుతుంటాడు కదా."

"తిరుగుతాడు. అయితే ఏం?"

"చీకట్లో ఎవరో మీకు తెలియకపోతే?"

ఆయనకు కోపం వచ్చింది. "వాడి నడక నాకు తెలియదా? ఎన్నేళ్లుగా వింటున్నాను! మా నాన్నతో ఎడారిలో పిట్టల వేటకు పోయిన చేయి ఇది. నువ్వు రోడ్డు చూసి నడుపు."

అంతకుముందే పెద్దకొడుక్కి ఫోను చేసి చెప్పి ఉన్నాను. "అది పక్కన ఉంటే ఆయనకు నిద్ర పడుతుంది. పడుకోనివ్వు" అన్నాడు.

అంగడివాడు రెండు తుపాకులు తీసి బల్ల మీద పెట్టాడు. వాటిని అక్కడ షోజన్ అంటారు. ఒకటి నల్లటిది. "ఇది భుజాన్ని తన్నదు. నొక్కిన కొద్దీ తనే తూటా ఎక్కించుకుంటుంది. మీ వయసుకు ఇదే సుఖం" అన్నాడు. రెండోది కట్టె పిడి ఉన్న రెండు గొట్టాల తుపాకీ. "ఇది రెండుసార్లు పేలుతుంది. ఆ తర్వాత మధ్యలోకి విరిచి తూటాలు మార్చుకోవాలి. తన్ను మాత్రం గట్టిగా ఉంటుంది."

బాబా కట్టె పిడిదాన్ని ఎత్తి చెంపకు ఆనించుకున్నాడు. గొట్టాలు వణుకుతూ పైనున్న దీపం దగ్గర నుంచి నా మీదుగా పోయి గోడ మీద ఆగాయి. అంగడివాడు వేలితో వాటిని మెల్లగా నేలకు దించాడు. "కిందికి, పెద్దాయనా, కిందికి. ఇంటి కోసమే అయితే సన్న రవ్వల ఛర్రా ఉన్న తూటాలు తీసుకోండి. లావు రవ్వలైతే గోడ దాటి పక్కవాడి మంచం మీద పడతాయి."

వాళ్లిద్దరూ ఏది బాగా కాపాడుతుందని చూస్తున్నారు. నేను ఏది తక్కువ చంపుతుందని చూస్తున్నాను. రెండుసార్లతో ఆగిపోయేది, మళ్లీ ఎక్కించడానికి ఆ వణికే వేళ్లకు కాసేపు పట్టేది, సన్న రవ్వలు వేసేది. "బాబా, కొనేదైతే రెండు గొట్టాలదే. మీ నాన్నగారి దగ్గర ఇలాంటిదే ఉండేదన్నారు కదా. తూటాలు సన్నవి" అన్నాను.

"మీ డ్రైవరుకు తుపాకులు బాగా తెలుసే!" అని అంగడివాడు నవ్వాడు.

బాబాకు కూడా ముచ్చటేసింది. కానీ తుపాకీని బల్ల మీద పెట్టేశాడు. "ఈరోజు కాదు. ప్రాణం తీసే వస్తువు. ఇస్తిఖారా లేకుండా ఇంటికి తీసుకుపోను. నువ్వు చెయ్యి, ముతవ్వా. అల్లాహ్ కొనమంటాడో వద్దంటాడో అడుగు."

ఇస్తిఖారా అంటే ఒక పని చేయాలా వద్దా అని తేలనప్పుడు రెండు రకాతుల నమాజు చదివి, ఇది నాకు మేలైతే సులువు చెయ్యి, కీడైతే దీన్ని నా నుంచీ నన్ను దీని నుంచీ తప్పించు అని అల్లాహ్‌ను వేడుకోవడం. ఎవరి పనికి వాళ్లే అడుక్కోవాలి. కల వచ్చి తీరాలన్న నియమమూ లేదు. మా ఊళ్లోనూ అక్కడా జనం మాత్రం దీన్‌లో ఉన్నాడనుకున్నవాడి చేత చేయించి, పొద్దున్నే కలలో ఏం కనబడిందని అడుగుతారు. ఈ సంగతి నేను బాబాకు చెప్పాను.

"నేను చేశాను. ఏమీ కనబడలేదు. నా నాలుక కంటే నీ నాలుక శుభ్రం" అన్నాడు.

ఆ సాయంత్రం తోటకు వెళ్లేసరికి అన్న మోటారు గది ముందు కూర్చుని అన్నంలో పచ్చిపులుసు పోసుకుంటున్నాడు. జరిగింది చెప్పాను.

"ఏం తుపాకి ఏరినవ్ భాయ్?"

"రెండు గొట్టాలది. రెండుసార్లే పేల్తాది. రవ్వలు గూడా సన్నవి."

"అబ్బ, మంచిగ ఏరినవ్! మొదటిది తగిలినంక రెండోది వద్దు బాబా, సాలు అంట."

"నగబాకన్నా. నాకు భయంగా ఉండాది."

"నవ్వకుంటె ఏడ్వాలె గద." అన్న చేయి కంచంలోనే పెట్టి నా వైపు తిరిగాడు. "నీ మాటంటె ముసలాయనకు వేదం. కలల పామొచ్చి తుపాకికి సుట్టుకున్నదని చెప్పు. వద్దంటడు. ఖతం."

"రాని కల వచ్చిందని చెప్పగూడదన్నా."

"గంత తప్పా?"

"మాలో శానా పెద్ద తప్పు. మంచి కల అల్లాహ్ పక్కనుంచి వచ్చే మాట. రాకుండానే వచ్చిందంటే ఆయన చెప్పని మాట ఆయన చెప్పినట్టు చెప్పడమే."

అన్న ముద్ద కలుపుకుంటూ, "సరే తియ్. గట్లయితె మంచిగ అడుగు, నిజంగనే రావాలె. నేను గూడ మా కొండగట్టు అంజన్నకు మొక్కుత. ఎవలు ముందు ఇంటె గాళ్లదే గెలుపు" అన్నాడు.

ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత నా గదిలో సజ్దాలో నేలకు ఆనించిన నుదురు చాలాసేపు ఎత్తలేదు. పామే రానీ, నిప్పే రానీ, నా యజమానికి చెప్పుకోదగ్గది ఏదో ఒకటి చూపించు యా అల్లాహ్ అని అడిగాను. అడిగి, కుడి చెంప కింద చేయి పెట్టుకుని పడుకున్నాను. ఫజర్ అజా వినబడి లేచాను. మధ్యలో ఏమీ లేదు. చంటిపిల్లవాడిలా నిద్రపోయాను.

"ఏం కనబడింది?" అని బాబా కారు ఎక్కుతూనే అడిగాడు.

"ఏమీ కనబడలేదు బాబా. కానీ నా మనసు ఒప్పుకోవడం లేదు. అదీ జవాబే. కొనకండి."

"నీ మనసు అంగడికి పోకముందే ఒప్పుకోలేదు. అది నీ భయం. నేను నీ భయాన్ని అడగమనలేదు." సీటు బెల్టు కోసం తడుముకుని, "వద్దనేవాడైతే చూపించేవాడు. పద" అన్నాడు.

నేను కారు తీశాను. ఇస్తిఖారాకు ముందు మనసు ఖాళీ చేసుకోవాలని మదరసాలో మా ఉస్తాదు కూడా చెప్పేవాడు. నా మనసు ఖాళీగా లేదు. దానినిండా అన్న నడుస్తూ ఉన్నాడు.

తుపాకీ వచ్చింది. ఇక నా చేతనైనది ఒకటే. తూముకు వెళ్లేటప్పుడు అన్న గట్టిగా "అనా, బాబా, అనా" అని, అంటే నేనే బాబా నేనే అని అరుస్తూ నడవాలని ఇద్దరినీ ఒప్పించాను. బాబాకు అది నచ్చింది. వరండాలోంచి జవాబిచ్చేవాడు. కొన్నాళ్లకు ఆ కేకలు వాళ్లిద్దరికీ ఒక అలవాటైపోయాయి. అన్న కావాలనే గొంతు మార్చి పిలిచేవాడు, బాబా తిట్టేవాడు. నేనూ కొంచెం నిద్రపోగలిగాను.

ఒక ఉదయం బాబాను మసీదుకు తీసుకుపోదామని కారు తెస్తే, తోట దారి మీద నీళ్లు పారుతున్నాయి. తూము ఎత్తినవాడు మడి మార్చలేదన్నమాట. దిగి పరుగెత్తాను. బాబా వరండా మెట్ల కింద ఇసుకలో కూర్చుని ఉన్నాడు. తుపాకీ పక్కన పడి ఉంది. అన్న ఒక చెట్టుకు ఆనుకుని ఎడమ చేయి పట్టుకుని ఉన్నాడు, చొక్కా చేయి తడిసి నల్లగా ఉంది. చెట్టు మొదలంతా గీసినట్టు రవ్వలు దిగాయి. ఎక్కువ భాగం చెట్టే తీసుకుంది.

"పిలువలేదా అన్నా?" అన్నాను.

"గోడ అవతల చెకింగ్ బండి మెల్లగ వోతున్నది. పిలిస్తె గాళ్లు ఇంటరు. పిలువకుంటె గీయన ఇనడు. ఏం జెయ్యాలె భాయ్?"

అందుకని అన్న నోరు మూసుకుని, అడుగు చప్పుడు కాకుండా నడిచాడు. బాబా అదే మాట పట్టుకుని ఏడుస్తున్నాడు. "నడక విన్నాను. వాడి నడక కాదు. వల్లాహి, అది వాడి నడక కాదు."

పేలిన చప్పుడు బండివాళ్లకు వినబడిందో లేదో తెలియదు. ఎవరూ రాలేదు. ఆసుపత్రికి తీసుకుపోతే ముందు ఇకామా అడుగుతారు, తర్వాత పోలీసులను పిలుస్తారు. బాబా లోపలి నుంచి మక్కా జమ్ జమ్ నీళ్ల సీసా తెచ్చి గాయం మీద ఒంపాడు. నేను సన్న పట్టకారుతో పైపైన దిగిన రవ్వలు తీశాను. లోపలికి పోయినవి ఉండిపోయాయి. చదవగలిగినంత చదివి ఊదాను. అంతకంటే నాకు ఏమీ రాదు.

కాగితాలు లేనివాళ్లు జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చని అప్పుడు ప్రభుత్వం గడువు ఇచ్చి ఉంది. బుక్రా మాట నమ్మి అన్నాళ్లూ పోనన్న అన్న, చేయి కొంచెం ఆరగానే పోతానన్నాడు. పాస్‌పోర్టులు చూసే జవాజాత్ ఆఫీసుకు నేనే కారులో తీసుకుపోయాను. సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"చెయ్యి నొప్పిగా ఉండాదా అన్నా?"

"చెయ్యి కాదు గని భాయ్. ఒక్క కల. చిన్నది. పామద్దు, పిల్లి ఉరికినట్టన్న చెప్పకపోతివి."

నేను రోడ్డు మీది నుంచి కళ్లు తిప్పలేదు. "చెప్పలేకపోతిని."

"ఎర్కే. చెప్పవని నాకెర్కే. నీ దేవుడు గట్టోడు, నువ్వు ఇంక గట్టోనివి." నవ్వాడు. ఆఫీసు ముందు వరుసలో మా దిక్కు మనుషులు, బెంగాలీలు ఎండలో నిలబడి ఉన్నారు. దిగేముందు తలుపు పట్టుకుని, "నీళ్లు ఇడిసేటోడు ఎవలైన సరే, తూముకాడ కుడి దిక్కు రాయి ఊగుతదని చెప్పు. చీకట్ల పడ్తరు" అన్నాడు.

చూడని కల చూశానని నేను ఇప్పుడైనా చెప్పను. ఎవరిని అడిగినా అది సరే అంటారు. అన్న చేతిలో మిగిలిన రవ్వలకు మాత్రం ఆ జవాబు చాలదు. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో చూపించమని అల్లాహ్‌ను అడుగుతూనే ఉన్నాను.

బాబా తుపాకీని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. పక్క తోటలో మళ్లీ ఒక మోటారు పోయేదాకా ఆ తాళం ఉంది. తర్వాత అది వరండాలోకి వచ్చింది. నీళ్ల వంతుకు మనిషి దొరకలేదు. లెవీ కట్టి మనిషిని తెచ్చుకునే తోట కాదది. "మనిషి దొరికేదాకా నువ్వే తూము ఎత్తు, ముతవ్వా" అన్నాడు బాబా. డ్రైవరు పని కాదనడానికి నాకు నోరు లేదు.

నా ఇకామా సరిగ్గా ఉంది కాబట్టి నేను టార్చి వేసుకుని నడిచేవాణ్ణి. వెలుగు నా మొహం మీద పడేట్టు పట్టుకుని, ఒక్కో చెట్టు దాటినప్పుడల్లా "అనా, బాబా, అనా" అని పిలిచేవాణ్ణి.

"తెలుసులే" అని వరండాలోంచి జవాబు వచ్చేది. "నీ నడక నాకు తెలియదా?"

ఊగే రాయి మీద కాలు పడకుండా తూము దగ్గరికి చేరి, వంగేముందు ఇంకోసారి పిలిచేవాణ్ణి.