వాగవతలి ఎద్దు

మాది కోదాడ దగ్గరి పల్లె, నైజాం రాజ్యం. మా మేనమామది మునగాల వైపు. వాగు దాటితే మద్రాసు సర్కారు. రెండు రాజ్యాలంటే పెద్ద మాట గానీ, వాళ్ళ కోడి కూస్తే మాకు మెలకువ వచ్చేది. వాళ్ళకొక ఎద్దు, మాకొక ఎద్దు. రెండూ కలిస్తేనే నాగలి. ముందు మా చేను, తర్వాత వాళ్ళది. మామ వస్తే అమ్మ ముందు కాళ్ళకు నీళ్ళిచ్చేది, ఆ తర్వాతే మాట.

ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయాక ఢిల్లీ, హైదరాబాదు ఒప్పందం రాసుకున్నాయి. ఏడాదిదాకా అన్నీ ఎట్లున్నవి అట్లే ఉంటాయట. సూర్యాపేట అంగట్లో ఎవరో పేపరు చదువుతుంటే విని వచ్చాడు నాయన.

"ఇగ ఫికర్ లేదు. పెద్దోళ్ళు దస్కతులు పెట్టుకున్నరు" అన్నాడు. ఎండాకాలంలో ఎరువు తోలుకుంటానని మామ అడగ్గానే మా ఎద్దును పంపాడు.

"జర ఆగరాదు" అంది అమ్మ, సొంత తమ్ముడే అయినా. నాయన నవ్వాడు.

తొలకరి నాటికి మీరు మాట తప్పారంటే మీరే తప్పారని రెండు సర్కార్లూ తిట్టుకుంటున్నాయి. వాగు దారి మూసేశారు. సంతకాలప్పుడే వాళ్ళు ఒకరినొకరు నమ్మలేదని తర్వాత తెలిసింది. నమ్మింది మా నాయన ఒక్కడే.

ఈ ఒడ్డున నిలబడి కేకేశాడు. "బామ్మర్దీ, దుక్కి వేళ దాటిపోతున్నది. ఎద్దును తోలు!"

"ఎట్టా బావా? పోలీసోళ్ళు ఊరుకోరు. మాట తప్పింది మీ సర్కారేగా!" అన్నాడు మామ అవతలి ఒడ్డునుంచి.

"సర్కారు తప్పిందని నువ్వు గూడ తప్పుతవా?"

మామ వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

అదే మామ అదే వాగు మీదుగా దొంగచాటుగా ఉప్పు బస్తాలు దాటించి మా ఊళ్ళో అమ్ముకునేవాడు. ఎద్దుకు మాత్రం దారి లేదట! గట్టెక్కితే మా ఎద్దు ఆయన ఎద్దు పక్కన, ఆయన చేలో దున్నుతూ కనిపించేది. నాయన మిర్యాలగూడ దాకా పోయి కిరాయికి అడిగాడు. దుక్కి రోజుల్లో ఎద్దును ఎవరిస్తారు? మా చేను బీడు పడింది. గంజి తాగి బతికాం, అదీ రెండు పూటలా లేదు.

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయి" అని అమ్మ ఒకే ఒక్కసారి అంది. నాయన నవ్వడం మానేశాడు.

యూనియన్ సైన్యం వచ్చింది, నైజాం రాజ్యం పోయింది. ఆ వారమే మామ ఎద్దును తోలుకుని వచ్చాడు. దాని మెడ కాడి ఒరుసుకుని పుండు పడింది.

"ఇంక హద్దే లేదుగా అక్కా!" అన్నాడు పళ్ళికిలిస్తూ.

అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. మామ చెప్పులు విడిచి, అరుగు ముందరి రాయి మీద కాలు పెట్టాడు. అమ్మ ఆయన్ని దాటుకుని పోయి, వంగి, ఆ నీళ్ళు ఎద్దు కాళ్ళమీద పోసింది. గిట్టల బురద చేత్తో కడిగింది. ఖాళీ చెంబు పట్టుకుని లోపలికి వెళ్ళింది.

లోపలికి రమ్మని నాయన కూడా అనలేదు.