కర్ర ఆరేదాకా

మెల్‌బోర్న్ శివార్లలోని పాయింట్ కుక్‌లో మా వెనకింటివాళ్లు ఇవాళ చెట్టు కొట్టించారు. పచ్చికర్ర వాసన వంటింట్లోకి రాగానే నా చేయి దానంతటదే ఖాదర్ అంకుల్ చేసిన కుర్చీ మీదికి వెళ్లింది.

అంకుల్‌ది నంద్యాల. మెల్‌బోర్న్‌లో పాత ఫర్నిచర్ బాగుచేసే షాపులో పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయారు, కూతురు షబానా సిడ్నీలో ఉండేది. తొలినాళ్లలో అమెరికాకు వలసపోయినవాళ్లు చేసుకున్న కుర్చీలంటే ఆయనకు పిచ్చి. పచ్చికర్రతో కోళ్లు, అంటే కుర్చీ కాళ్లు, బాగా ఎండిన కర్రతో వాటిని కలిపే అడ్డకర్రలు లేత్ మిషన్ మీద తిప్పుతూ గుండ్రంగా తీసి, మేకూ జిగురూ లేకుండా బిగించేవారు. కోడు ఆరుతూ కుదించుకుపోయి అడ్డకర్రను పట్టేస్తుంది.

నేను వై2కె పనికి వచ్చి ఆయన పక్కింట్లో గది తీసుకున్నాను. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయని లోకమంతా హడలింది. జనవరి వచ్చింది, మా కాంట్రాక్టులు తప్ప ఏవీ ఆగలేదు. పలకరించే దిక్కులేక నా గొంతు నేనే మరిచిపోయాను. ఒంటరితనం గురించి పుస్తకాల్లో మాత్రమే చదివినవాళ్లు అదృష్టవంతులు.

ఓ మధ్యాహ్నం అంకుల్ గ్యారేజీలోకి పిలిచి, కొత్త కుర్చీలో కూర్చోమన్నారు. కోళ్లు ఆరేటప్పుడు రోజూ మనిషి బరువు పడకపోతే కీళ్లు కుదురుకోవట. తనకేమో మోకాళ్ల నొప్పులట. అలా టీ తాగుతూ కూర్చోవడం నా డ్యూటీ అయింది. ఆయన పెద్దగా మాట్లాడేవారు కాదు. లేత్ తిరిగేది, పొట్టు రాలేది. ఆ కాసేపటి కోసమే నేను గడ్డం గీసుకునేవాణ్ని.

చివరికి విసిగిపోయి, మా ఊరు కర్నూలు వెళ్లిపోతానని చెప్పాను. ఆయన లేత్ ఆపారు.

"యాడికి పోతావప్పా? నువ్వు పోతే దీంట్లో కూచునేదెవరు? కర్ర ఆరేదంకా ఉండు."

కుర్చీ కోసం ఆగడమేమిటని సణుక్కుంటూనే ఆగాను. కర్ర ఆరేలోపు ఉద్యోగం దొరికింది.

చాలా ఏళ్లకు ఆయన పోయారు. షబానా ఈ కుర్చీ తెచ్చిచ్చినప్పుడు, రోజూ కూర్చుని దీన్ని బిగించింది నేనేనని గొప్పలు పోయాను. ఆ అమ్మాయి వింతగా చూసింది.

"నో అన్నా, ఎవరూ కూర్చోనక్కర్లేదు. వుడ్ ఆరితే దానంతటదే టైట్ అవుతుంది. డాడీ అలా చెప్పారా?"

తోడు కావాల్సింది నాకా, ఆయనకా? ఇద్దరికీ అనుకోగానే దుఃఖం ఆగలేదు. ఆ పిల్ల ముందే ఏడ్చేశాను.

మా వీధి చివర అనంతపురం నుంచి వచ్చిన ఒకతను ఉంటున్నాడు. ఎవరితోనూ మాట కలపడు. పచ్చికర్ర వాసన పోకముందే అతని నంబరు కనుక్కుని ఫోన్ చేశాను.

"చిన్న పని పడిందప్పా. ఇక్కడొక కుర్చీ ఉంది, కీళ్లు కుదురుకోవాల. రోజూ కాసేపు వచ్చి కూచుంటావా?"