ఆశన్న కుర్చీకి కుదిరిన కంట్రోలర్

భూమేశ్ దుబాయిలోని అల్ ఖూజ్‌లో బ్యాటరీ సైకిళ్లు బాగుచేసే మెకానిక్. సోనాపూర్ కార్మికుల క్యాంపులో అతని గదిలోనే ఉండే ఆశన్నకు బిల్డింగు కట్టే సైటులో మోకాలు విరిగింది. ఆపరేషన్ అయ్యాక కూడా మెస్సుదాకా నడవలేక మంచం మీదే తినేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అది చూడలేక భూమేశ్ వర్క్‌షాపు ముదీర్‌ను, అంటే మేనేజర్‌ను అడిగి పాత సామాను తెచ్చి, ఆశన్న కోసం ఒక చక్రాల కుర్చీకి మోటారు బిగించాడు.

దాని వేగాన్ని అదుపు చేయడానికి మొదట రిమోట్‌తో నడిచే బొమ్మ కారులోని కంట్రోలర్ పెట్టాడు. చిన్నది కాబట్టి సీటు కింద చక్కగా ఇమిడింది. కానీ మీట తాకగానే కుర్చీ ముందుకు దూకింది. కాసేపటికే కంట్రోలర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది.

"నన్ను ఇంటికి తోలుతవా, పైకి తోలుతవార?" అంటూ ఆశన్న చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"తప్పు నాదే కాకా. ఇది ఉరికే బొమ్మకు జేసింది. మనకు బరువు గుంజేది గావాలె."

తర్వాతి సెలవునాడు బ్యాటరీ సైకిల్ కంట్రోలర్ బిగించాడు. అది పెద్దది, వేగం కాస్త ఆలస్యంగా అందుకుంటుంది. అయితేనేం, బరువున్నా మెల్లగా లాగుతుంది, బ్రేకు నొక్కగానే మోటారును ఆపేస్తుంది.

ఆ మధ్యాహ్నం ఆశన్న తనే కుర్చీ నడుపుకుంటూ మెస్సుకు వెళ్లి, అందరి మధ్యా కూర్చుని పప్పు మారు అడిగి వేయించుకున్నాడు.