పద్మక్క వేలికి తెలిసిన నూలు

నిన్న మధ్యాహ్నం మెషిన్ నడుస్తుండగా ఫోన్ వచ్చింది. గద్వాల నుంచి, పద్మక్క తమ్ముడి కూతురు.

"మా అత్త పోయింది మేడం. పొద్దున గుండెల నొప్పి అన్నది. దవాఖానకు తీస్కపోయేలోపే..."

మెషిన్ స్క్రీన్ మీద ఇంకా ముప్పై ఎనిమిది నిమిషాలు చూపిస్తోంది.

మెషిన్ ఆగేదాకా గది వదలకూడదని నాకు నేర్పింది పద్మక్కే. వదల్లేదు. ఆ అంకెలు తగ్గడం చూస్తూ నిలబడ్డాను.

ఈ పోస్ట్ చదివేవాళ్లలో ఆమెను ఎరగనివాళ్ల కోసం ముందు కొంచెం చెప్తాను. వనపర్తిలో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో మేమిద్దరం ఆపరేషన్ సామాన్లు స్టెరిలైజ్ చేసేవాళ్లం. కత్తెరలు, ఫోర్సెప్స్ ఆవిరి మెషిన్‌లోకి వెళ్తాయి. కడుపులోకి దించి చూసే కెమెరా గొట్టం, స్కోప్, ఆ వేడికి పాడైపోతుంది. అలాంటివాటికి ఇంకో మెషిన్ ఉంటుంది. తక్కువ వేడిలో, పెరాక్సైడ్ మందుతో క్రిముల్ని చంపుతుంది.

అందులో నూలు గుడ్డ పెట్టకూడదు.

పద్మక్క గద్వాల నేత ఇంటి బిడ్డ. ఏ గుడ్డనైనా అంచు పట్టి బొటనవేలితో రుద్ది, నూలో కాదో కళ్లు మూసుకుని చెప్పేది. నేను మాన్యువల్‌లో పేజీ వెతికేలోపే.

"బుక్కు ఏడికి పోదు. జర ఏలు పెట్టి సూడు పిల్లా. నూలుకు దూప ఎక్కువ. మందంత అదే తాగేస్తది."

నేను చేరిన రెండో నెల అది. స్కోప్ అద్దానికి గీతలు పడతాయేమోనని ట్రేలో కింద ఒక మెత్తటి గుడ్డ మడిచి వేశాను. రుద్ది చూడలేదు.

మెషిన్ మధ్యలో ఆగిపోయింది.

ఆపరేషన్ గదిలో పేషెంట్‌కు అప్పటికే మత్తు ఇచ్చారు. లింగాల నుంచి వచ్చిన కూలి మనిషి. స్కోప్ పెట్టి చిన్న రంధ్రాలతో చేస్తే త్వరగా పనికి పోవచ్చని ఒప్పుకుంది. మళ్లీ ప్యాక్ చేసి, మళ్లీ గంటసేపు మెషిన్ నడపాలి. అంతసేపు ఆగలేమని డాక్టర్ పెద్ద కోత పెట్టి ఆపరేషన్ చేశారు.

తర్వాత ఆ గుడ్డ పట్టుకుని మా గదిలోకి వచ్చారు.

"ఎవరు పెట్టిన్రు ఇది?"

నేను ట్రే సర్దుతున్నట్టు వంగాను.

"నేనే పెట్టిన సార్," అంది పద్మక్క. "కండ్లకు సరిగ ఆనలే."

గుడ్డను గుర్తుపట్టడానికి ఆమెకు కళ్లతో పనే లేదు. అది ఆ గదికి వచ్చిపోయే అందరికీ తెలుసు. ఒక్కరూ అడగలేదు. నేను కూడా నోరు తెరవలేదు.

మర్నాడు ఆమెను లాండ్రీకి మార్చారు. పన్నెండేళ్లు చేసిన పని అలా పోయింది.

నిజం చెప్పేస్తానని లాండ్రీకి వెళ్లాను. ఆమె దుప్పట్లు మడుస్తోంది.

"నువ్వు చెప్తే నిన్ను తీసేస్తరు బిడ్డా. నన్నైతే ఊకె ఈడికి జరిపిన్రు. పర్మినెంట్ అయినంక చెప్దువుతీ." కాస్త నవ్వింది. "ఈడ అంత నూలే. మా ఇంట్ల ఉన్నట్టే ఉంది."

ఏడాదికి పర్మినెంట్ అయ్యాను.

చెప్పలేదు.

తర్వాత నాగర్‌కర్నూల్‌కు ఇదే పని మీద మారాను. పండగలకు ఫోన్ చేసేదాన్ని. ఆమె ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఆమె ఎత్తలేదు కదా అని నేనూ ఎత్తలేదు.

ఈ పొద్దున గద్వాల వెళ్లాను. వనపర్తి నుంచి పాతవాళ్లు నలుగురు వచ్చారు. వాళ్లలో ఒకామె అంది, "పాపం, కండ్లు ఆనక ఆ పని పోగొట్టుకున్నది."

అప్పుడు కూడా తల దించుకునే ఉన్నాను.

పద్మక్క మీద కప్పిన బట్ట అంచు పట్టుకుని బొటనవేలితో రుద్దాను.

నూలు.

వనపర్తివాళ్లంతా ఈ పోస్ట్ చదువుతారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు ఆ గుడ్డ పెట్టింది నేను. పద్మక్క కళ్లకు ఏమీ కాలేదు. ఆ రోజు పెద్ద కోత పడిన లింగాల అమ్మ పేరు నాకు గుర్తుంది. ఆమె దగ్గరికి కూడా వెళ్తాను.

అక్కా, చాలా ఆలస్యంగా చెప్పాను. ఇక ఎవరి తప్పూ మోయకుండా నిమ్మళంగా పడుకో.