మరియదాసు కాల్చిన జ్వరపు రొట్టె

నేను చదివింది అయిదో తరగతి, అదీ చర్చి బడిలో. అయినా రెంటచింతలలో మా పేటకు మంచినీళ్ల బావి వచ్చింది నా అర్జీతోనే. రాత్రి బడి పెట్టించింది నేనే. తాలూకా కచేరీలో నిలబడి తల వంచకుండా మాట్లాడిన ఏలియా ఎవరంటే ఇప్పటికీ నన్నే చూపిస్తారు. అంతటివాణ్ణి రాస్తున్నాను మా బావ మరియదాసు గురించి. మా చెల్లెలు జ్ఞానమ్మ భర్త. ఆయన కథ ఒక చిన్న మాటతో మొదలవుతుంది.

మరియదాసు దుర్గిలో రాతిపని నేర్చినవాడు. ఆ చేతులు చూసి పట్టాళంలో చేర్చుకున్నారు. యుద్ధం నడుస్తున్న నలభై రెండులో ఎడారిలో శత్రువులకు చిక్కాడు. ఓడెక్కించి ఇటలీ తోలారు. ఖైదీల కాంపులో ఆకలి ఆయనకు నేర్పిన మొదటి మాట ‘పానె’. అంటే రొట్టె. అక్కణ్ణించి జర్మనులు లాక్కుపోతే అక్కడ ‘బ్రోట్’. ఫ్రాన్సుకు మారిస్తే ముక్కుతో పలికే ‘పేఁ’. అక్కడ కట్టెలు కొట్టే స్పెయిన్ మనిషి ‘పాన్’ అనేవాడు.

“నాలుగు భాషల్లో రొట్టె అడగటం వచ్చు బావా, ఒక్క భాషలోనూ కూర అడగటం రాదు” అని నవ్వేవాడు.

ఆ మాట సంగతేందో తేల్చాలని నేను మా ఫాదరుగారిని అడిగాను. అడగాలని తోచింది ఈ తాలూకాలో నాకొక్కడికే. ఆయన చెప్పారు: జర్మనుల బ్రోట్, ఇంగ్లీషు బ్రెడ్ ఒక తల్లి బిడ్డలు. పానె, పాన్, పేఁ మరో తల్లి బిడ్డలు. ఆ తల్లి లాటిను వాళ్ల ‘పానిస్’. పోర్చుగీసు వాళ్లు దాన్నే మన దేశానికి తెస్తే బొంబాయిలో పావ్ అయింది. దాని మూలంలో మేపటం, పోషించటం అనే అర్థం ఉందని పండితులు అంటారట. ఇంకోటి కూడా చెప్పారు. కలిసి రొట్టె తినేవాణ్ణి ఇటలీ వాళ్లు ‘కొంపాన్యో’ అంటారు, అంటే తోడు. మనం కంపెనీ అనేదీ అక్కణ్ణించి వచ్చిందే.

నేను వచ్చి ఇది చెప్పగానే మరియదాసు కళ్లు చెమర్చినయి. ఫ్రాన్సులో కాంపు మీద బాంబులు పడి గోడ కూలినప్పుడు ఆయన పారిపోయి ఒక పల్లెలో రొట్టెలు కాల్చే ముసలమ్మ ఇంట్లో దాక్కున్నాడు. పని నేర్చింది అక్కడే.

“నా కులం అడగలా బావా. రొట్టె విరిచి సగం నాకిచ్చి, సగం నా పక్కనే కూచుని తిన్నది. మన గడ్డమీద కూడా ఒక్క మనిషి అట్టా కూచుని తింటే చాలు నాకు.”

ఆయన కోరిక అదే. యుద్ధం ముగిసి ఇంటికొచ్చాక, నలభై ఆరులో నరసరావుపేట బజారు చివర రొట్టెల బట్టీ కట్టాడు. ఇటుకలు తనే ఏరి కొన్నాడు. పిండి పర్మిటుకు అర్జీ రాసి సాధించింది నేను. పిండి పొంగటానికి తాటికల్లు కలిపేవాడు. బట్టీ ముందు నలుగురు పట్టే రాతిబల్ల చెక్కి వేశాడు. జనం కూచుని తింటారని.

మొదటిరోజు వేడి రొట్టె వాసన బజారంతా కమ్మింది. పత్తి కమీషను వ్యాపారి కోటేశ్వర్లుగారు ఆగాడు.

“ఏందిరా మరియదాసూ, మీ ఇంట్లో ఎవరికి జ్వరం?”

“ఎవరికీ లేదయ్యా. బాగున్నోళ్లు తినేదే ఇది. ఆ దేశాల్లో ఇదే అన్నం.”

“ఇదే అన్నమైతే పాపం ఆళ్లంతా మంచాన పడ్డోళ్లేరా!” అని నవ్వుకుంటూ పోయాడు.

మా ప్రాంతంలో అంతే. రొట్టె అంటే జ్వరం. లంకణాలయ్యాక వైద్యుడు రాసే పథ్యం. చేతిలో రొట్టె కనపడితే ఎదురైనవాడు ‘ఎవరికి బాగాలేదు?’ అని అడుగుతాడు.

వానాకాలం విషజ్వరాలు వచ్చినయి. అప్పుడు బట్టీకి ఊపిరి ఆడలా. మమ్మల్ని అరుగు ఎక్కనీయని ఇళ్ల నించి కూడా జీతగాళ్లు వచ్చారు. కోటేశ్వర్లుగారి కొడుక్కీ మరియదాసు రొట్టే పథ్యం. మా చేతి నీళ్లు తాగనివాళ్లు ఇదెట్టా తింటున్నారని అడిగితే, ఆయన తల్లి గడపలో నించునే చెప్పింది:

“మందుకు మైల లేదురా ఏలియా.”

పిల్లాడికి నయమై తలస్నానం చేయించినరోజు, మిగిలిన రొట్టెను పెంట మీద పారేశారు. దొడ్డి కడిగి పసుపునీళ్లు చల్లారు.

మర్నాడు కోటేశ్వర్లుగారు బట్టీ వైపు వస్తుంటే మరియదాసు గబగబా బల్ల తుడిచి, మెత్తటి రొట్టె తీసి రెండుగా విరిచాడు.

“కూచోండయ్యా. పిల్లాడు బతికాడుగా.”

ఆయన కూచోలా. ఆ ముక్క వంక చూడనన్నా చూడలా.

“నీ పని మంచిదేరా, కాదనను. కానీ పొద్దున్నే ఈ పొగ కనపడితే ఆడోళ్లు శకునం బాలేదంటున్నారు. కొంచెం ఊరి బయటికి మార్చుకో.”

మరియదాసు మార్చలా. మరుసటి ఏడు వానలు మంచివి పడ్డయి, ఊరు ఆరోగ్యంగా ఉంది. రోజూ కాల్చిన రొట్టె రోజూ ఎండిపోయేది. ఇంట్లో రెండుపూటలా అదే నానబెట్టుకుని తిన్నారు. నేను వెళ్లి ఆ బల్లమీద కూచుని తినేవాణ్ణి.

“నువ్వు నా బావవి. నువ్వు తింటే లెక్కేంది?” అనేవాడు.

ఒక సాయంత్రం మేమిద్దరం ఇంట్లోకి వెళ్లేసరికి జ్ఞానమ్మ మోకాళ్లమీద ఉంది. కళ్లు మూసుకుని పైకే ప్రార్థన చేస్తోంది.

“తండ్రీ, పోయినేడు పంపినట్టే ఈ ఏడూ ఊళ్లోకి నాలుగు జ్వరాలు పంపు. చావొద్దులే తండ్రీ, మంచాన పడితే చాలు.”

మరియదాసు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆమె కళ్లు తెరిచి చూసింది. ఆయన మూల ఉన్న సుత్తి తీసుకుని బయటికి నడిచాడు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు.

“నా పెళ్లాం నోటికి ఈ మాట తెచ్చిన కూడు నాకొద్దు బావా.”

చీకటిపడేలోగా బట్టీ నేలమట్టమైంది. వారం తిరక్కుండా భార్యను తీసుకుని మాచర్ల వైపు రాతిగనుల్లో కూలికి పోయాడు. రాతిదుమ్ము ఛాతీకి పట్టి నలభై తొమ్మిదిలో పోయాడు.

అవి యుద్ధం తర్వాతి కరువు రోజులు. దారిలో వంకరమేకు పడి ఉన్నా ఏరుకునే కాలం. ఆ బట్టీ ఇటుకలు నిగనిగలాడే మంచి ఇటుకలు. చానా ఏళ్లు అక్కడే పడి ఉన్నయి. జ్వరాల ఇటుకలని, ఎవరూ తమ గోడకు ఒక్కటి కూడా తీసుకుపోలేదు.